‘నేను’ అని చెప్పిన ఒక్క కథ

నేను కథలు రాస్తాననీ, అవి అచ్చయ్యాయనీ తెలిసినవాళ్లు ఎక్కడ కనబడినా ఒకటే అడుగుతారు. మీ కథల్లో ఎప్పుడూ ‘ఆమె’ అనే ఉంటుంది, ‘నేను’ అని ఒక్కటైనా రాయరేం అని. ఆ మధ్య ఒక సాహిత్య సభలో ఇదే చర్చ. ఒక కుర్రాయన లేచి, ‘నేను’ అని రాస్తే పాఠకుడు పాత్రకి దగ్గరవుతాడు, ‘ఆమె’ అని రాస్తే గుమ్మం బయట నిలబడి చూస్తాడు అని చాలాసేపు చెప్పాడు. చక్కగానే చెప్పాడు పాపం. నాకే ఒళ్లు మండింది. దగ్గరవడం మంచిదని ఇతనికెవరు చెప్పారు? అలా దగ్గరికొచ్చేసిన మనిషిని తర్వాత ఏం చేసుకోవాలో ఎవరైనా నేర్పారా? లేచి అడుగుదామనుకున్నాను. అంతలో టీలు తెచ్చారు. టీ తాగేసి ఇంటికొచ్చేశాను.

ఇంటికొచ్చినా కోపం దిగలేదు. అది అతని మీద కోపం కాదని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ‘నేను’ అంటే నేనే, ఇంకెవరూ కాదు.

పెళ్లయిన కొత్తలో మేం కిరందుల్ లైను మీద ఉండేవాళ్లం. కొండల మీద ఇనపరాయి తవ్వి, రైలుపెట్టెల్లో నింపి, విశాఖపట్నం రేవుకి పంపే లైను అది. గనులు జోరుగా నడుస్తున్న రోజులు. ఆ లైను మీద పనిచేసేవాళ్లలో మా శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు చాలామందే ఉండేవారు. కాకపోతే వాళ్లంతా బచేలీలోనో కిరందుల్లోనో జగదల్‌పూర్లోనో గుంపుగా ఉండేవారు. అక్కడైతే రామమందిరం, చర్చి, చవితి పందిరి, పెరట్లో గోడ మీంచి మాట్లాడుకోడానికి మనుషులు, అన్నీ ఉండేవి. మా ఆయనకి మాత్రం గీదం దాటాక ఒక చిన్న స్టేషన్లో అసిస్టెంటు స్టేషను మాస్టరు ఉద్యోగం. స్టేషనూ, ఒక వరస క్వార్టర్లూ, ఒక చేతిపంపూ. మిగతాదంతా అడవే.

లోడు బండి వెళ్లిన ప్రతిసారీ ఎర్ర దుమ్ము లేచి గుమ్మంలోకి వచ్చేది. తెల్ల పంచె ఆరేస్తే ఎండేలోపు ఇటుకరంగు తిరిగేది. మొదట్లో రోజూ తుడిచేదాన్ని, తర్వాత ఒకరోజు మానేశాను, ఆ తర్వాత ఇల్లంతా ఒకే రంగులో ఉంటే బాగానే ఉందిలే అనుకున్నాను. దుమ్ముతో సర్దుకుపోవచ్చు. మాట లేకపోవడంతోనే సర్దుకోలేకపోయాను. పక్క క్వార్టర్ల వాళ్లలో ఒకరిది ఒరియా, ఒకరిది హిందీ. చేతిపంపు దగ్గరికి వచ్చే పల్లెవాళ్లది గోండీ, హల్బీ. గీదం సంతకి వెళ్తే ఒకే బేరంలో మూడు భాషలు దొర్లేవి. నాకు వచ్చిందల్లా తెలుగు. నమక్, మిర్చీ, కిత్‌నా అని మూడు ముక్కలు నేర్చుకుని, వాటితోనే నెలలు నెట్టుకొచ్చాను. వచ్చిన కొత్తలో పగలంతా నోరు విప్పక, సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

మా ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా మాటలు విని ఎవరూ ఆయన్ని తప్పుగా అనుకోకూడదు. తాగడు, అరవడు, కూరలో ఉప్పు మర్చిపోయినా తినేసి లేచిపోతాడు. ఆ లేచిపోవడమే నన్ను చంపేసేది. స్టేషన్లో కంట్రోలు ఫోను పట్టుకుంటే గడగడా మాట్లాడే మనిషి, ఇంటికొచ్చేసరికి మాటల సంచీ ఖాళీ చేసేసినట్టు గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఏమైనా అడిగితే ‘ఊ’ అనేవాడు. అడక్కపోతే అదీ లేదు. అమ్మకి ఉత్తరం రాస్తే ఏం రాయాలి? కొట్టాడని రాయాలా, తిట్టాడని రాయాలా? బాగున్నాం అని రాసేదాన్ని.

అలాంటి చోట నాకు దొరికిన ఒకే ఒక్క మనిషి అప్ప. వరసకి ఏమీ కాదు. నాకంటే పెద్దది, మా వైపు మనిషి, అందుకని మా ఊళ్లో పెద్దక్కని పిలిచినట్టే అప్పా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను సెల్లీ అనేది. ఆవిడ భర్త కీమేన్. రోజూ పట్టాల వెంబడి నడుస్తూ, సుత్తి పుచ్చుకుని వదులైన కీలు బిగించే పని అతనిది. ఆ లైను వేస్తున్న రోజుల్లోనే ఇద్దరూ కూలికొచ్చి, అలాగే రైల్వేలో ఉండిపోయారు. పిల్లలు లేరు. క్రైస్తవులు. చదువు రాదు. నవ్వితే మాత్రం చేతిపంపు దగ్గరున్నవాళ్లు కూడా తలెత్తి చూసేవారు.

ఇంకో తోడు కూడా ఉండేది, ఒక తెలుగు వారపత్రిక. విశాఖపట్నంలో ఎవరో కొని గార్డుకిస్తే, అది లైను మొత్తానికీ తిరిగేది. ఎక్కడెక్కడ తెలుగు కుటుంబముందో గార్డులందరికీ తెలుసు. పొద్దున్న ఒక ఖాళీ బండి గార్డు బ్రేకువేను మీంచి అందిస్తాడు. మధ్యాన్నం కిరందుల్ వైపు వెళ్లే ఇంకో ఖాళీ బండికి నేను అందించాలి, పై స్టేషన్లో ఇంకో ఇల్లాలు కాచుకుని ఉంటుంది. ఉంచేసుకోవడం అనేది లేదు. అలా ఎవరైనా ఉంచేసుకుంటే ఆ ఇంటికి మరి ఆ పత్రిక రాదు, అది ఆ లైను మీద కట్టుబాటు. మా దగ్గరికొచ్చేసరికి అట్ట ఊడిపోయి, పేజీల అంచుల నిండా ఎర్ర బొటనవేలి ముద్రలుండేవి. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా సరే, వదలకుండా చదివేదాన్ని. చదివి పరిగెత్తి ఇచ్చేసేదాన్ని.

అప్పకి పని తెమిలేది మధ్యాన్నం అన్నాలయ్యాక. అప్పటికి పత్రిక వెళ్లిపోయేది. అందుకని చదివి వినిపించడం కాదు, గుర్తుపెట్టుకుని చెప్పడమే. ఇద్దరం మా వెనక వసారాలో కూర్చుని చింతపండు కొట్టేవాళ్లం. అక్కడ చింతకాయకి లోటు లేదు. సంతలో తెచ్చిన కాయ ఒలిచి, చిన్న ఇనపముక్కతో కొట్టి గింజ తీస్తూ, నేను కథ చెప్పేదాన్ని, ఆవిడ వినేది.

చెప్పేటప్పుడు నేనొక పని చేసేదాన్ని. పత్రికలో కథ ‘నేను’ అని ఉన్నా సరే, నా నోట్లోంచి వచ్చేసరికి ‘ఒకామె’ అయిపోయేది, మగాడి కథయితే ‘ఒకాయన’. ఇది ఎవరో నేర్పింది కాదు. ఎదురుగా చింతపండు ఒలుస్తున్న మనిషితో, నేను మా ఆవిణ్ణి పుట్టింటికి పంపేశాను అని ఎలా అంటాను, నవ్వదూ? ఇంకో పని కూడా చేసేదాన్ని. కథలో సముద్రముంటే దాన్ని ఇంద్రావతి చేసేదాన్ని, బస్సుంటే పాసింజరు బండి చేసేదాన్ని. ఆవిడ కళ్లకి కట్టాలి కదా.

‘ఒకామె’ కథలు వింటున్నప్పుడు అప్పని చూడాలి. జడ్జీగారే. దాని మొహం, అలా సెయ్యొచ్చేటి, ఆడికి బుద్ధి నేదు సరే దీనికేటి రోగం అనీసి మధ్యమధ్యలో తీర్పులు చెప్పేసేది. ఒకసారి అత్తాకోడళ్ల కథ చెప్పాను. కోడలి వెనకే నడుస్తూ రాసిన కథ అది. అప్ప అత్తని కడిగేసింది. కొన్ని వారాలయ్యాక దాదాపు అదే గొడవ ఇంకొకరు అత్త వైపునించి రాశారు. అప్ప కోడల్ని కడిగేసింది. మొన్న అత్తదే తప్పన్నావు కదప్పా అంటే, మొన్న ఈ ముసల్దాని మోకాళ్ల నొప్పి సంగతి నువ్వు సెప్పనేదు కదా అంది. నిజమే. మోకాళ్లు కోడలికి కనబడవు. ఎవరి కళ్లతో చూపిస్తే వాళ్ల పక్కనే కూర్చుంటాం, రెండోవాళ్ల మోకాళ్లు మనకి అక్కర్లేదు. కథల గురించి నేను నేర్చుకున్నదేమైనా ఉంటే ఆ వసారాలో నేర్చుకున్నదే.

ఆదివారాలు వాళ్లు ప్రార్థన పెట్టుకునేవారు. దగ్గరి స్టేషన్ల వాళ్లు కొందరు ట్రాలీ మీదా, నడిచీ వచ్చేవారు. బచేలీ నుంచి పాస్టరుగారు ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. నేనూ వెళ్లి వెనక కూర్చునేదాన్ని. భక్తితో కాదు, తెలుగు వినబడుతుందని. అక్కడ సాక్ష్యం చెప్పడమని ఒకటుంది. ఒకరు లేచి, నేను ఇలా ఉండేదాన్ని, నాకీ కష్టమొచ్చింది, నేనిలా తప్పిపోయాను అని చెప్పుకుంటారు. ఆ చెబుతున్నంతసేపూ ఎవరూ మధ్యలో మాట్లాడరు. ఆడవాళ్లు కొంగు తలమీదకి లాక్కుని కళ్లు మూసుకుంటారు. అయిపోయాక స్తోత్రం అంటారు. విన్నది బయట అనుకోరు. పొద్దున్న చేతిపంపు దగ్గర బిందె కోసం కొట్టుకున్నవాళ్లు కూడా దాన్ని ఎత్తి చూపరు. నాకది చాలా బాగుండేది. మా ఇంట్లో అలా లేచి చెప్పుకునే వీలుంటే ఎంత బాగుండేదో అనుకునేదాన్ని.

ఒకరోజు పత్రికలో ఒక కథ వచ్చింది. ఎవరు రాశారో, పేరేమిటో నాకిప్పుడు తెలీదు. ఒక డ్యాము దగ్గర క్వార్టర్లో ఉండే ఇల్లాలు చెప్పుకునే కథ, అంతా ‘నేను’ అనే. భర్త చెడ్డవాడు కాదు. మాట్లాడడు, అంతే. రోజూ ఇంటిముందు నుంచి ఒక బస్సు వెళ్తుంది. ఒక పొద్దున్న ఈవిడ రెండు చీరలు సంచీలో పెట్టుకుని, ఆ సంచీ తలుపు వెనక తగిలిస్తుంది. బస్సొస్తుంది, వెళ్లిపోతుంది. ఈవిడ ఎక్కదు. మర్నాడూ అంతే. సంచి ఇంకా తలుపు వెనకే ఉంది, బస్సు రోజూ వస్తోంది అని కథ ఆగిపోతుంది.

చదివి, మళ్లీ మొదటినుంచి చదివాను. ఆవిడెవరో మా కిటికీలోంచి చూసి రాసినట్టుంది. అంతకుముందు మధ్యాన్నాలన్నీ కథ చెప్పినట్టే ఆ రోజూ మొదలుపెట్టాను. కానీ ‘ఒకామె’ అనే మాట రాలేదు. నేను రోజూ అన్నం వండుతాను, ఆయన తిని లేచిపోతాడు అని వచ్చింది. అలాగే సాగిపోయింది. బస్సు అలవాటుగానే పాసింజరయింది. రెండు చీరలు సంచీలో పెట్టి తలుపు వెనక తగిలించాను, పాసింజరు వచ్చింది, వెళ్లిపోయింది, నేనెక్కలేదు, రోజూ వస్తూనే ఉంది అన్నాను. చింతపండు కొట్టడం ఎప్పుడు ఆపేశానో నాకే తెలీదు.

అప్ప ఒక్క తీర్పు చెప్పలేదు. మధ్యలో ఎప్పుడో కొంగు తలమీదకి లాక్కుంది. కళ్లు మూసుకుంది. నేను ఆపాక, స్తోత్రం అంది మెల్లిగా. కథంటే ఇదీ, అప్ప నోరు కూడా కట్టేసింది అని నేను మురిసిపోయాను. బుర్ర ఉండాలి కదా నాకైనా!

మర్నాడు పొద్దున్న, విశాఖపట్నం వెళ్లే పాసింజరు వచ్చే వేళకి అప్ప మా గుమ్మంలో ఉంది. ఆ వేళప్పుడు ఆవిడ ఎప్పుడూ రాదు, మొగుడికి కేరేజీ కట్టే హడావిడిలో ఉంటుంది. ఉప్పు కావాలంది. ఉప్పిచ్చాను. వెళ్లలేదు. బండి వచ్చి, ఆగి, కదిలి, చివరి పెట్టె మలుపు తిరిగాక లేచింది. ఆ మర్నాడు నిప్పు కావాలంది. తర్వాత నిప్పూ ఉప్పూ మానేసి, కూకో సెల్లీ తల దువ్వుతాను అని నా వెనక పీట వేసుకుని కూర్చునేది. చిక్కులు ఎంత నిదానంగా తీసేదంటే, బండి వెళ్లేదాకా జడ అయ్యేది కాదు. లోపలికొచ్చినప్పుడల్లా తలుపు వెనక్కి తొంగిచూసేది. చీపురు కోసమనుకునేదాన్ని. అక్కడ బియ్యం సంచి ఒకటి వేలాడుతుండేది, దాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసింది కూడాను.

నాకు ఎందుకో ఏమిటో అక్కర్లేదు. ఒక మనిషి పొద్దున్నే నా కోసం వస్తోంది, నా తల దువ్వుతోంది. చేపల కూర వండితే గిన్నెలో తెస్తోంది. ఆయన డ్యూటీకి వెళ్లగానే, సెల్లీ ఏటి సేస్తన్నావు అని వాళ్ల వాకిట్లోంచే కేక వేస్తోంది. పెళ్లయ్యాక అంత సుఖంగా నేనెప్పుడూ లేను. పాసింజరు కూత వినబడితే ఇదివరకు గుండె పిండినట్టుండేది, ఇప్పుడు అప్ప వస్తుందని దువ్వెన తీసి పెట్టుకునేదాన్ని. ఆవిడ భర్త కూడా కీలు చూసుకుంటూ మా ఇంటి ముందు పట్టాల దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడేవాడు. మంచి దంపతులు అనుకున్నాను, అంతే.

అలా కొన్ని వారాలు నడిచాక, ఒక పొద్దున్న బండి వెళ్లిపోయింది, అప్ప మాత్రం లేవలేదు. నా జడ చివర ముడి వేసి, ముందుకొచ్చి గుమ్మంలో నా ఎదురుగా కూర్చుంది. కొంగు తలమీదకి లాక్కుంది.

“నానూ ఓపాలి ఎల్లిపోయినాను, సెల్లీ,” అంది.

లైను వేస్తున్న రోజుల్లో సంగతి. కొండల్లో గుడిసెలు. అప్పుడు ఆవిడకి పాలు తాగే ఆడపిల్ల. భర్త పనిమీద పైకి వెళ్లి కొన్నాళ్లు రాలేదు. ఆ అడవి, ఆ తుప్పలు, ఆ మాట తెలియని మనుషులు, ఆవిడకి ఒకరోజు పొద్దున్నే ఇంక ఒక్క క్షణం ఉండలేననిపించింది. నిద్రపోతున్న పిల్లని పక్క గుడిసెలో ముసలమ్మ పక్కలో పడుకోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి, కంట్రాక్టరు లారీ ఎక్కేసింది. జగదల్‌పూర్ వరకూ వెళ్లింది. అక్కడ బస్సుల దగ్గర పగలంతా కూర్చుంది. ఊరికి ఏ బస్సు వెళ్తుందో ఎవరినీ అడగలేదు. అడగడానికి భయం కాదట, చెబుతారేమోనని భయమట. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. సాయంత్రం అదే లారీ ఎక్కి తిరిగొచ్చింది. పిల్లకి ఒళ్లు కాలిపోతోంది. భర్త దిగివచ్చేలోపు పిల్ల పోయింది.

“జొరమే తీసుకుపోయింది దాన్ని. అందరూ అదే అన్నారు. ఆడూ అదే అనుకున్నాడు. కానీ ఆ రోజు దానికి నాను పాలియ్యనేదు, సెల్లీ. ఈ మాట ఆడికి తెల్దు. సంగంలో అన్నీ సెప్పినాను గానీ ఇది సెప్పనేదు. నీకే సెప్పినాను. నువ్వెల్లకు.”

నేను ఏడుస్తున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిని వదలకుండానే అడిగాను, నేనెక్కడికి వెళ్తున్నానప్పా అని.

ఆవిడ నావైపు జాలిగా చూసింది. ఆ రోజు సాక్ష్యం చెప్పావు కదా అంది. సంచి సర్ది తలుపు వెనక పెట్టుకున్నానని, బండి రోజూ వస్తోందని. నువ్వు ముందు చెప్పావు గనకే నాకు నోరొచ్చింది, నువ్వంత చెప్పాక నేను దాచుకుంటే దేవుడు ఊరుకుంటాడా అంది. ఆ దువ్వెన, ఆ ఉప్పు, ఆ చేపల కూర, ఆ కీమేను మా ఇంటిముందు నిలబడడం, అన్నీ ఒక్కసారి నాకు అర్థమయ్యాయి. భయమేసింది. స్టేషను మాస్టరు పెళ్లాం పారిపోదామనుకుంటోందని ఎవరి చెవినైనా పడితే? ఆయన చెవిని పడితే? ఆ భయంలో నోరు దానంతటదే తెరుచుకుంది.

“అది పుస్తకంలోది, అప్పా.”

“పుస్తకంలోదా?”

“ఎవరో రాసింది. నాది కాదు.”

“మరి నేను, నేను అన్నావు?”

రాసినావిడ అలా రాసింది, నేను అలాగే చెప్పాను అన్నాను. ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. విసురుగా కాదు, ఎవరిదో చెయ్యి పొరపాటున పట్టుకున్నప్పుడు తీసుకుంటామే, అలా. కొంగు తలమీంచి దించేసింది.

“అయితే నాదీ కతే అనుకో, సెల్లీ,” అని లేచి వెళ్లిపోయింది.

దెబ్బలాడితే బాగుండేది. తిట్టినా బాగుండేది. మధ్యాన్నం మామూలుగా వచ్చి చింతపండు ముందేసుకుని కూర్చుంది. సంతలో మిరపకాయలు ఘాటు లేవని చెప్పింది. నేను పత్రికలో చదివింది చెప్పాను, ఒకామె అనే చెప్పాను. మధ్యలో తీర్పులూ చెప్పింది, నవ్వింది కూడా. అన్నీ ఉన్నాయి. మర్నాడు పొద్దున్న పాసింజరు కూత వినబడింది. నేను దువ్వెన పట్టుకుని పీట మీద కూర్చున్నాను. బండి వచ్చి వెళ్లిపోయింది. గుమ్మంలో ఎవరూ లేరు. నా జడ నేనే వేసుకున్నాను. ఆ రోజునుంచీ రోజూ నేనే వేసుకున్నాను.

ఎంత ఆలోచించినా నాకు ఒకటే తేలేది. ఆవిడ నాకు తన కడుపులోంచి తీసి ఇచ్చింది, నేను ఎవరిదో అచ్చుకాగితం చేతిలో పెట్టాను. పుస్తకంలో చదువుకునేవాళ్లకి ఈ చిక్కు లేదు. వాళ్లు ‘నేను’ అని చదివి, కాసేపు ఆ నేనులో ఉండి, పేజీ తిప్పి బయటికొచ్చేస్తారు. ఆ నేను వాళ్లని తిరిగి ఏమీ అడగదు. అప్పకి అలా బయటికి రావడం తెలీదు. ఆవిడ దృష్టిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని నేను అందంటే, విన్నవాళ్లు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి. ఆవిడ ఇచ్చేసింది.

అంతకంటే నన్ను తినేసింది ఇంకొకటుంది. అది పుస్తకంలోది అన్నాను, నిజమే. నాది కాదు అన్నాను, అది నిజమా? అన్ని కథల్నీ ఒకామె చేసేదాన్ని ఆ ఒక్కదాన్నీ ఎందుకు చెయ్యలేకపోయాను? నాకూ రోజూ ఆ బండి ఎక్కేయాలనే ఉండేది. సంచి సర్దలేదు, అంతే తేడా. గిన్నెలు తోముకోవడానికి క్వార్టర్ల వెనక ఆ చేతిపంపుంటే, పాసింజరు కిటికీల్లో మొహాలు చూడొచ్చని ముందు వాకిట్లో తోమేదాన్ని. ఆ రాసినావిడ ఎవరో నేను అంటే, ఆ మాట వెనక దాక్కుని నా ఏడుపు నేను ఏడ్చుకున్నాను. అప్ప ఏమీ పొరబడలేదు. సరిగ్గానే విన్నది.

ఇది తెలిశాక ఊరుకోలేకపోయాను. అప్పకి చెప్పేయాలి. పత్రికలూ కథలూ లేకుండా, నా సంగతి నేనే చెప్పాలి. అప్పుడు ఆవిడ ఇచ్చినదానికి నాదీ ఇచ్చినట్టవుతుంది, మళ్లీ పొద్దున్నే వస్తుంది అనుకున్నాను. ఎప్పుడూ ఆవిడే మా ఇంటికొచ్చేది. ఆ మధ్యాన్నం నేనే వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. రా సెల్లీ అని పీట జరిపింది. కూర్చున్నాను.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. మొదలుపెట్టాను. పెళ్లయి వచ్చిన రోజు నుంచి చెప్పాను. మా ఆయన ఫోనులో ఎంత మాట్లాడతాడో, ఇంట్లో ఎలా గోడవైపు తిరిగిపోతాడో చెప్పాను. వచ్చిన కొత్తలో సాయంత్రాలు నా గొంతు నాకే కొత్తగా వినిపించేదని చెప్పాను. అమ్మకి బాగున్నామని రాస్తానని చెప్పాను. ముందు వాకిట్లో గిన్నెలు ఎందుకు తోముతానో చెప్పాను. నేను ఉండలేకపోతున్నానప్పా, నాకిక్కడ నువ్వు తప్ప ఎవరూ లేరు, నువ్వు పొద్దున్న రాకపోతే ఆ బండి వైపు చూడ్డానికి నాకు భయమేస్తోంది అన్నాను. నా జీవితంలో అంత సూటిగా అంతకుముందు మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు.

అప్ప చెరగడం ఆపలేదు. ఫోను దగ్గర నవ్వింది. ఆడికి ఇంట్లో కూడా ఓ ఫోను ఎట్టించాల అంది. అమ్మ ఉత్తరం దగ్గర, అయ్యో పాపం అని నాలుక చప్పరించింది. కొంగు భుజం మీదే ఉంది. నేను ఆపేశాక, చేటలో మట్టిగడ్డ ఏరి అవతల పారేసి, మెచ్చుకోలుగా నావైపు చూసింది. ఆ చూపులో వెటకారం లేదు, కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని.

“బాగుంది, సెల్లీ,” అంది. “ఇది ఏ పుస్తకంలోది?”

పేరు గుర్తులేదప్పా అన్నాను.